తక్కువ ధర ఎవరికి, ఎక్కువ ఖర్చు ఎవరికి?



వరి పొట్ట మీదున్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మొదట లైన్‌మెన్‌కు ఫోను. తర్వాత ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద మోటర్లున్న రైతులంతా ఒకచోట కూడి తలా ఇంత వేసుకోవడం. ట్రాక్టర్ మాట్లాడి, గొలుసు కట్టి దించి, రిపేరు షెడ్డు దాకా మోసుకెళ్లడం. అక్కడ మనకంటే ముందొచ్చిన ఊళ్లవాళ్లు వరసలో ఉంటారు. ఆయిల్ లేదంటారు, రేపు రమ్మంటారు. ఇక్కడ మడి నెర్రెలు వాస్తుంటుంది. తెచ్చి ఎక్కించిన రిపేరు ట్రాన్స్‌ఫార్మర్ ఆ పంట గట్టెక్కేదాకా నిలుస్తుందన్న నమ్మకమూ లేదు.

కాలిన ప్రతిసారీ మనకు వినిపించేది ఒకటే మాట: "లోడు ఎక్కువైంది." కొన్నిచోట్ల అది నిజమే, ఆ సంగతి కింద మాట్లాడుకుందాం. కానీ ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎవరి దగ్గర కొన్నారు? నాలుగు కంపెనీలు ముందుకొస్తే వాటిలో ఆ కంపెనీని ఏ లెక్కన ఎంచుకున్నారు? మన చేను గట్టున నిలబెట్టిన యంత్రం అక్కడికి ఎలా వచ్చిందో మనకు తెలియకపోతే, అది ఎందుకు కాలిందో వాళ్లు చెప్పిందే వేదమవుతుంది. అందుకే ఈ నెల డిస్కంల కొనుగోళ్ల సంగతి తీసుకుందాం. ఇది ఆఫీసర్ల వ్యవహారం, కాంట్రాక్టర్ల వ్యవహారం అని వదిలేస్తే నష్టపోయేది మనమే.

ఎల్‌-1 అంటే ఏమిటి?

ఉమ్మడి రాష్ట్రంలో విద్యుత్ బోర్డును 1999లో విడగొట్టారు. 2000 ఏప్రిల్ నుంచి పంపిణీ పని డిస్కంల చేతికి వచ్చింది. మన సూర్యాపేట జిల్లా హైదరాబాద్ కేంద్రంగా నడిచే దక్షిణ డిస్కం కింద ఉంది. స్తంభం, వైరు, ఇన్సులేటర్, కండక్టర్, ట్రాన్స్‌ఫార్మర్, మీటరు, ఇలా ప్రతి సరుకునూ డిస్కంలు టెండర్ పిలిచి కొంటాయి.

టెండర్‌లో సాధారణంగా రెండు భాగాలుంటాయి. మొదటిది సాంకేతిక అర్హత: కంపెనీకి ఫ్యాక్టరీ ఉందా, ప్రయోగశాల పరీక్షల సర్టిఫికెట్లు ఉన్నాయా, ఇంతకుముందు ఎంత సరుకు ఇచ్చింది అన్నవి చూస్తారు. రెండోది ధర. మొదటి దాంట్లో నెగ్గినవాళ్ల ధరల కవర్లు తెరుస్తారు. అందరికంటే తక్కువ చెప్పినవాడు ఎల్‌-1. ఆర్డరు అతనిది.

చూడ్డానికి న్యాయంగానే కనిపిస్తుంది. ప్రజల సొమ్ము, తక్కువకు ఇచ్చేవాడికే ఇవ్వాలి గదా అనిపిస్తుంది. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. అర్హత గీత దాటాక, అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాడూ నూటికి తొంభై తెచ్చుకున్నవాడూ ఒకటే. ఒకడి సరుకు పదేళ్లయినా కాలలేదు, ఇంకొకడిది రెండో యాసంగికే కాలింది అన్న తేడాకు ధరల కవరు తెరిచిన రోజున విలువ లేదు.

ఇంకో సంగతి. అవసరం ఎక్కువున్నప్పుడు ఒక్క కంపెనీ అంత సరుకు ఇవ్వలేదు. అప్పుడు రెండో, మూడో స్థానంలో ఉన్నవాళ్లను పిలిచి, ఎల్‌-1 ధరకు మీరూ ఇస్తారా అని అడగడం టెండర్లలో మామూలే. అంటే మంచి సరుకు చేసేవాడు కూడా ఆ ధరకు దిగాలి, లేదా ఇంటికి పోవాలి. దిగినవాడు ఏం చేస్తాడు? పిండి కొద్దీ రొట్టె. చుట్ట తీగలో, కోర్ రేకులో, ఆయిల్‌లో, ట్యాంకు రేకు మందంలో ఎక్కడో ఒకచోట కోత పెడతాడు. పైన రంగు మాత్రం తళతళలాడుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్లకు ఐఎస్ 1180 అనే జాతీయ ప్రమాణం ఉంది. 2015లో కేంద్రం నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు తెచ్చి ఐఎస్ఐ గుర్తును తప్పనిసరి చేసింది. ఇవి మంచివే. కానీ ప్రమాణం అంటే కనీసపు గీత. ధ్రువీకరణ చీటీ ఉన్న విత్తన సంచీ ఉంటే అందులోని ప్రతి గింజా మొలుస్తుందని మనం అనుకుంటామా? పరీక్షకు పంపిన నమూనా ఒకటి, మన చేనుకు వచ్చిన లాట్ ఇంకొకటి కావచ్చు.

ధర వేరు, ఖర్చు వేరు

ఒక ట్రాన్స్‌ఫార్మర్‌ను కొనేటప్పుడు ఇచ్చేది ధర. అది ఉన్నన్నాళ్లూ దాని మీద పెట్టేదంతా కలిపితే ఖర్చు. ఎల్‌-1 పద్ధతి మొదటిదాన్నే చూస్తుంది.

లెక్క వేసి చూద్దాం. ట్రాన్స్‌ఫార్మర్‌లో కరెంటు రెండు రకాలుగా పోతుంది. మోటర్లు నడిచేటప్పుడు చుట్టలు వేడెక్కి పోయేది ఒకటి, దీన్ని లోడ్ లాస్ అంటారు. ఒక్క మోటరూ నడవకున్నా, లైన్లో కరెంటు ఉన్నంతసేపూ కోర్‌లో పోయేది రెండోది, ఇది నో-లోడ్ లాస్. మన రాష్ట్రంలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ప్రకటించారు. అంటే ఈ రెండో నష్టం రాత్రీ పగలూ, పంట ఉన్నా లేకున్నా సాగుతూనే ఉంటుంది.

రెండు కంపెనీలు టెండర్‌కు వచ్చాయనుకుందాం. ఒకటి ట్రాన్స్‌ఫార్మర్‌కు 5 వేల రూపాయలు తక్కువ చెప్పింది. కానీ దాని నో-లోడ్ లాస్ రెండోదానికంటే 20 వాట్లు ఎక్కువ. 20 వాట్లంటే ఒక చిన్న బల్బు, అంతే. రోజుకు 24 గంటల చొప్పున ఏడాదికి 175 యూనిట్లు. 25 ఏళ్లు నిలిచిందనుకుంటే దాదాపు 4,380 యూనిట్లు. యూనిట్‌కు 5 రూపాయలే వేసుకున్నా 21,900 రూపాయలు. రేపటి రూపాయి ఈనాటి రూపాయితో సమానం కాదని వడ్డీ కింద సగం కొట్టేసినా, మొదట మిగిలిందన్న 5 వేలకు రెట్టింపు కంటే ఎక్కువే పోయింది. అలాంటివి వెయ్యి కొంటే ఏటా లక్షా 75 వేల యూనిట్లు గాలిలో కలుస్తాయి. ఇది ఉదాహరణ కోసం వేసిన లెక్కే. కానీ చిన్న బల్బంత తేడా ఎంత దూరం పోతుందో ఇందులో తెలుస్తుంది.

ఇది కాలకుండా నిలిచిన ట్రాన్స్‌ఫార్మర్ సంగతి. కాలితే? దించే కూలి, ట్రాక్టర్ కిరాయి, రిపేరు బిల్లు, కొత్త ఆయిల్, సిబ్బంది పని దినాలు. ఇవన్నీ డిస్కం పుస్తకంలో వేరే పద్దు కింద పడతాయి. కొనుగోలు విభాగం పుస్తకంలో మాత్రం "ఇంత ఆదా చేశాం" అని ఉంటుంది. ఒక చేత్తో ఆదా చేసినట్టు రాసి, రెండో చేత్తో ఖర్చు రాస్తే ఆ ఇల్లు బాగుపడుతుందా?

ఇక ఏ పుస్తకంలోనూ పడని పద్దు ఒకటుంది. అది మనది. మనం మోసిన కిరాయి, మనం కోల్పోయిన పని దినాలు, తడి అందక తాలు పోయిన గింజ. సాగర్ ఎడమ కాల్వ చివరి భూములవాళ్లకు దీని బరువు ఇంకా బాగా తెలుసు. కాల్వలో నీళ్లు రాని ఏడాది బోరే దిక్కు. 2023-24 యాసంగిలో సాగర్‌లో నీళ్లు లేక ఎడమ కాల్వ కింద పంట ఇవ్వలేమన్నప్పుడు, ఎవరి మడి నిలిచినా బోరు మీదే నిలిచింది. అలాంటి ఏడాదే ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పెరుగుతుంది, అలాంటి ఏడాదే నాసిరకం బయటపడుతుంది. మనకు ఒక్క తడి తప్పినందుకయ్యే నష్టాన్ని ఏ టెండర్ కమిటీ ఎప్పుడైనా లెక్కలో వేసిందా?

ఉచిత కరెంటు రైతుకు ఇస్తున్నాం గదా, ఇంకా ఏం కావాలి అని కొందరు అంటుంటారు. నష్టమైన ప్రతి యూనిట్ డిస్కం ఖర్చులో కూడుతుంది. ఆ ఖర్చు చార్జీలుగానో సబ్సిడీగానో ప్రజల మీదికే వస్తుంది. చివరికి డిస్కంల అప్పులకు ఉచిత కరెంటే కారణమని వేలు మన వైపు చూపిస్తారు. నాసిరకం కొనుగోలు వల్ల పోయిన కరెంటుకు కూడా మనమే ముద్దాయిలం కావాలా?

రైతు కొనే పద్ధతి వాళ్లకు తెలియదా?

మనలో ఎవరైనా అంగట్లో తక్కువ ధర చెప్పిన ఎడ్ల జతను కళ్లు మూసుకుని కొన్నారా? పళ్లు చూస్తాం, గిట్టలు చూస్తాం, నడిపించి చూస్తాం, ఏ ఊరి ఎడ్లు, ఎవరి కింద పనిచేశాయి అని అడుగుతాం. బోరు మోటరు కొనేటప్పుడు పక్క చేను రైతును అడుగుతాం: "నీది ఏ కంపెనీ? ఎన్నిసార్లు కాలింది? మెకానిక్ దగ్గర్లో దొరుకుతడా?" వెయ్యి రూపాయలు ఎక్కువైనా నిలిచేదాన్నే తెచ్చుకుంటాం. అంత చదువుకోని మనకు తెలిసిన ఈ సంగతి అన్ని డిగ్రీలున్న ఆఫీసర్లకు తెలియక కాదు. తక్కువ ధరకు ఇస్తే ఆడిట్‌లో ఎవరూ ప్రశ్నించరు. ఎక్కువ ధరకు మంచి సరుకు కొంటే రేపు ఏసీబీ ముందు నిలబడాల్సి వస్తుందేమోనని భయం. ఆ భయం నిజమైందే. కాబట్టి ఆ ఆఫీసరు నిర్భయంగా మంచి సరుకు కొనే పద్ధతి నియమాల్లోనే ఉండాలి.

చట్టం అడ్డం కాదు

తక్కువ ధరకే ఇవ్వాలని చట్టం ఉందనుకునేవాళ్లు ఈ విషయాలు తెలుసుకోవాలి.

ఎయిర్ ఇండియాకూ కొచ్చిన్ విమానాశ్రయానికీ మధ్య నడిచిన కేసులో 2000లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. కాంట్రాక్టు ఇచ్చేటప్పుడు ప్రభుత్వ సంస్థ ధర ఒక్కదాన్నే కొలబద్దగా తీసుకోనక్కర్లేదు, సరైన కారణాలుంటే మిగతా విషయాలూ చూడొచ్చు. కానీ తాను పెట్టుకున్న నియమాలను తానే తప్పకూడదు, ఇష్టారాజ్యంగా చేయకూడదు.

కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబర్ 29న ఇచ్చిన సూచనల్లో నిర్మాణ పనులకు, కొన్ని సేవలకు నాణ్యత మార్కులు కలిపి ఎంచుకోవడానికి దారి ఇచ్చింది. నాణ్యతకు 30 శాతం మించకుండా మార్కులు వేసి, మిగతాది ధరకు ఇవ్వాలంది. ఇది సరుకుల కొనుగోలుకు కాదు, నిజమే. కానీ ట్రాన్స్‌ఫార్మర్ లాంటి సరుకుకు అంతకంటే పాత, అంతకంటే గట్టి లెక్క ఉంది. పైన మనం వేసిన లెక్కే అది. నష్టమయ్యే ఒక్కో వాట్‌కు ఇన్ని రూపాయలని ముందే ప్రకటించి, కంపెనీ చెప్పిన ధరకు ఆ మొత్తాన్ని కలుపుతారు. కలిపాక ఎవరిది తక్కువైతే వారికే ఆర్డరు. కేంద్ర సాగునీటి, విద్యుత్ మండలి ట్రాన్స్‌ఫార్మర్ల మాన్యువల్‌లో ఈ సూత్రం ఉంది. సబ్‌స్టేషన్లలోని పెద్ద పవర్ ట్రాన్స్‌ఫార్మర్ల కొనుగోలులో ఇది ఏనాటి నుంచో వాడుకలో ఉన్నదే. పెద్దదానికి పనికొచ్చిన లెక్క, మన చేలో నిలబడ్డ చిన్నదానికి ఎందుకు పనికిరాదు?

బయటి దేశాల్లోనూ ఇదే దారి. ఐరోపా యూనియన్ 2014లో నీరు, కరెంటు, రవాణా సంస్థల కొనుగోళ్లకు ప్రత్యేకంగా ఒక నిబంధనావళి తెచ్చింది. సరుకు కొన్నప్పటి నుంచి పారేసేదాకా అయ్యే మొత్తం ఖర్చును చూసి ఎంచుకోవచ్చని అందులో ఉంది. మరీ నమ్మశక్యం కానంత తక్కువ ధర ఎవరైనా చెబితే, అంత తక్కువకు ఎలా ఇస్తావో వివరించమని అడగాలని కూడా ఉంది. మన దగ్గర అలాంటి ధర చెప్పినవాడికి దండ వేస్తారు, తర్వాత మనం చందాలు వేసుకుంటాం.

పెనం మీద నుంచి పొయ్యిలోకి

ఇక్కడ జాగ్రత్తగా వినాలి. తక్కువ ధర ఒక్కటే చూడొద్దని మనం అన్నామో లేదో, "అందుకే గదా, టెండరే లేకుండా మాకు నచ్చినవాళ్లకు ఇస్తాం" అనేవాళ్లు సిద్ధంగా ఉంటారు. మన పక్కనే దానికి సాక్ష్యం ఉంది.

మిర్యాలగూడ దాటి దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రానికి 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. 20 వేల కోట్ల పైచిలుకు పనిని పోటీ టెండర్ లేకుండా, నామినేషన్ మీద బీహెచ్ఈఎల్‌కు ఇచ్చారు. దాదాపు 30 వేల కోట్లనుకున్న మొత్తం అంచనా 34 వేల కోట్లు దాటింది. మొదటి యూనిట్‌ను జాతికి అంకితం చేసింది 2024 డిసెంబరులో. మణుగూరు దగ్గరి 1,080 మెగావాట్ల భద్రాద్రి కేంద్రాన్నీ అలాగే నామినేషన్ మీద ఇచ్చారు. దేశమంతా సూపర్ క్రిటికల్ వైపు మళ్లుతున్న కాలంలో, బొగ్గు ఎక్కువ తినే సబ్ క్రిటికల్ పద్ధతిలో దాన్ని కట్టారు. రెండేళ్లలో పూర్తవుతుందన్నది, చివరి యూనిట్ 2022 జనవరిలో గానీ నడవలేదు. ఛత్తీస్‌గఢ్ నుంచి 1,000 మెగావాట్లు కొనే ఒప్పందం కూడా పోటీ బిడ్డింగ్ లేకుండానే జరిగింది. ఈ మూడింటి మీద రాష్ట్ర ప్రభుత్వం 2024 మార్చిలో జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి కమిషన్ వేసింది. సుప్రీంకోర్టు మాట మీద ఆ జులైలో ఆయన స్థానంలోకి జస్టిస్ మదన్ లోకూర్ వచ్చారు.

అప్పటి ప్రభుత్వం చెప్పుకున్న కారణాలూ ఉన్నాయి. 2014లో కరెంటు కోతలు భరించలేనట్టుండేవి, ఆలస్యం చేసే సమయం లేదు, ఇచ్చింది ప్రభుత్వ రంగ సంస్థకే గదా అన్నారు. యాదాద్రి ఆలస్యంలో కరోనా పాత్ర ఉంది, పర్యావరణ అనుమతి మీద హరిత ట్రిబ్యునల్ కేసు పాత్ర ఉంది. ఇవి కొట్టిపారేసే మాటలు కావు. బీహెచ్ఈఎల్ ప్రజల ఆస్తి, దాన్ని బతికించుకోవాలన్నది మన సంఘం మాట కూడా. విద్యుత్ చట్టం 2003లో 63వ సెక్షన్ కింద బిడ్డింగ్‌తో ధర తేల్చే దారి ఉంది, 62వ సెక్షన్ కింద కమిషన్ లెక్కలు చూసి ధర నిర్ణయించే దారీ ఉంది. కాబట్టి పోటీ లేని ప్రతి ఒప్పందమూ చట్టవిరుద్ధమని మనం అనడం లేదు.

మనం అడిగేది వేరు. ప్రభుత్వ రంగానికి మొగ్గు ఇవ్వాలంటే, ఎంత మొగ్గు, ఏ ధర దాకా, ఎన్నేళ్లలో పూర్తి చేయాలి, చేయకపోతే ఏం కట్టాలి అన్నది ముందే రాసి ప్రజల ముందు పెట్టాలి. ఏ టెక్నాలజీ ఎందుకు ఎంచుకున్నారో చెప్పాలి. ఇవేవీ లేకుండా గదిలో కూర్చుని తేలిస్తే, మంచి నిర్ణయమైనా దొంగ నిర్ణయంలా కనిపిస్తుంది, చెడ్డ నిర్ణయమైతే పదేళ్ల తర్వాత కమిషన్ వేసుకోవాల్సి వస్తుంది. కమిషన్ వేస్తే పోయిన బొగ్గు తిరిగి రాదు, కట్టిన వడ్డీ తిరిగి రాదు.

పక్క రాష్ట్రంలో ఇంకో ఆట చూశాం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో రివర్స్ టెండరింగ్ తెచ్చారు. ధరను ఇంకా ఇంకా కిందికి లాగడమే గొప్ప అన్నారు. 2024లో ప్రభుత్వం మారగానే దాన్ని రద్దు చేశారు. ప్రభుత్వం మారినప్పుడల్లా పద్ధతి మారితే అది పద్ధతి కాదు, అధికారంలో ఉన్నవాడి చిత్తం. తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో టెండర్ల పారదర్శకత మీద చట్టాలే చేసుకున్నాయి. అలాంటి గట్టి చట్టం మనకూ కావాలి.

రెండు వాదనలకు జవాబు

ఒకటి: "ధర కాకుండా నాణ్యత చూడమంటే ఆఫీసర్లు తమవాళ్లకు మార్కులు వేసుకుంటారు." ఈ అనుమానం మనకూ ఉంది. అందుకే నచ్చినట్టు వేసే మార్కులు వద్దు, కొలవగలిగేవే కావాలి. వాట్లలో నష్టం ఎంత? ఇది మీటరు చెబుతుంది. గత సరుకులో నూటికి ఎన్ని కాలాయి? ఇది రికార్డు చెబుతుంది. గ్యారంటీ ఎన్నేళ్లు? ఇది కాగితం చెబుతుంది. కాలినదాన్ని ఎన్ని రోజుల్లో మార్చారు? ఇది తేదీ చెబుతుంది. ఈ లెక్కల్లో ఎవరి ముఖం చూసే పనీ లేదు. దేనికి ఎంత విలువో టెండర్ పిలిచిన రోజే ప్రకటిస్తే, కవర్లు తెరిచాక మార్చే వీలుండదు.

రెండు: "రైతులు దొంగ కనెక్షన్లు పెట్టుకుని లోడు పెంచుతున్నారు, ఎంత మంచి ట్రాన్స్‌ఫార్మర్ అయినా కాలుతుంది." అనుమతి లేని మోటర్లు కొన్నిచోట్ల ఉన్నమాట నిజం. వాటిని క్రమబద్ధం చేసుకోవాలని, కెపాసిటర్లు బిగించుకోవాలని మన సంఘం చెబుతూనే ఉంది. కానీ డీడీ కట్టి నెలల తరబడి ఎదురుచూసే రైతు సంగతేమిటి? లోడు పెరిగిన చోట అదనపు ట్రాన్స్‌ఫార్మర్ ఇవ్వాల్సింది ఎవరు? ఏబీ స్విచ్ విరిగి, ఫ్యూజులకు బదులు తీగ ముక్కలు చుట్టి, ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటే చూడాల్సింది ఎవరు? ఒకే ఊళ్లో, ఒకే లోడు మీద ఒక కంపెనీ ట్రాన్స్‌ఫార్మర్ నిలిచి ఇంకొకటి మళ్లీ మళ్లీ కాలితే, తప్పు మోటరుదా, తయారీదా? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ఏది ఎవరి తయారీయో, ఎప్పుడు కాలిందో రాసి ఉండాలి. ఆ రికార్డు బయట పెట్టకుండా "లోడు, లోడు" అనడం, పరీక్ష పేపరు దాచి విద్యార్థిని ఫెయిల్ చేయడమే.

మన డిమాండ్లు

1. వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్ల ప్రతి టెండర్‌లోనూ కంపెనీ చెప్పిన ధరకు నష్టాల ఖర్చును కలిపి, మొత్తం ఖర్చు మీదే ఎంపిక చేయాలి. ఒక్కో వాట్‌కు ఎంత కలుపుతారో టెండర్ నోటీసులోనే ప్రకటించాలి.

2. ఏ కంపెనీ ట్రాన్స్‌ఫార్మర్లు ఎన్ని వచ్చాయి, గ్యారంటీ లోపల ఎన్ని కాలాయి అన్న లెక్కను కంపెనీవారీగా ఏటా డిస్కం వెబ్‌సైట్‌లో పెట్టాలి. హద్దు దాటి కాలినవాళ్లను తర్వాతి టెండర్‌కు రానీయొద్దు.

3. వచ్చిన ప్రతి లాట్ నుంచి చీటీ తీసి ఎంచిన ట్రాన్స్‌ఫార్మర్లను బయటి ప్రయోగశాలలో పరీక్షించాలి. ఆ పరీక్షకు రైతు ప్రతినిధులను పిలవాలి.

4. గ్యారంటీ లోపల కాలితే రిపేరుతో పాటు రవాణా ఖర్చు కూడా సరఫరాదారుడే భరించాలి. రైతు ట్రాక్టర్ కట్టే దుస్థితి పోవాలి.

5. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను పల్లెల్లో 48 గంటల్లో మార్చాలన్నది విద్యుత్ నియంత్రణ మండలి పెట్టిన గడువు. అది తప్పితే వినియోగదారుడికి పరిహారం రావాలని చట్టమే చెబుతోంది. దరఖాస్తు పెట్టకుండానే ఆ పరిహారం రావాలి.

6. రిపేరు కాంట్రాక్టులకూ ఇవే నియమాలు పెట్టాలి. తక్కువ రేటుకు చుట్టి, మూడు నెలల్లో మళ్లీ షెడ్డుకు వచ్చే రిపేరు అన్నిటికంటే ఖరీదైనది.

7. నామినేషన్ మీద ఇచ్చే ప్రతి పెద్ద పనికీ కారణం, ధర పోలిక, గడువు ముందే ప్రజల ముందు పెట్టి, నియంత్రణ మండలిలో బహిరంగ విచారణ జరిపాకే ఒప్పందం చేసుకోవాలి.

మన చేతిలో ఉన్న పని

డిమాండ్లు రాసి ఊరుకుంటే కాగితం మీదే ఉంటాయి. ఈ యాసంగి నుంచే ప్రతి గ్రామ కమిటీ ఒక పని మొదలు పెట్టాలి: ట్రాన్స్‌ఫార్మర్ పుస్తకం. ఇరవై రూపాయల నోటు పుస్తకం చాలు. ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒక పేజీ. దాని మీదున్న పేరు పలకపై తయారీ కంపెనీ, సీరియల్ నంబరు, తయారైన ఏడాది, కెపాసిటీ ఉంటాయి. కింద నిలబడి ఫోన్‌లో ఫొటో తీయండి, ఎవరూ దిమ్మె ఎక్కొద్దు, లైన్ దగ్గరికి పోవద్దు. దాని కింద ఎన్ని మోటర్లు, ఏ తేదీన కాలింది, ఫిర్యాదు ఎప్పుడు చేశాం, ఎప్పుడు మార్చారు, మోసింది ఎవరు, మన చేతి నుంచి ఎంత ఖర్చయింది, ఇవి రాయండి. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ నంబరు తీసుకోండి. నోటి మాటకు సాక్ష్యం ఉండదు.

హుజూర్‌నగర్, గరిడేపల్లి, నేరేడుచర్ల, మఠంపల్లి, మేళ్లచెరువు, చింతలపాలెం, పాలకీడు మండలాల్లోని మన కమిటీలు ఏడాది పాటు ఈ పుస్తకం నడిపితే, ఏ కంపెనీ సరుకు నిలుస్తుందో, ఏది బూడిదవుతుందో ఆఫీసర్లకంటే ముందు మనకు తెలుస్తుంది. ఆ లెక్కతో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడదాం. కొనుగోలు ఆర్డర్లు, పరీక్షల నివేదికలు, గ్యారంటీ కింద కంపెనీలు మార్చి ఇచ్చినవెన్ని అని అడుగుదాం. రుసుము 10 రూపాయలే. పరిహారం రాని కేసులను వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార ఫోరానికి, అక్కడా తేలకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు తీసుకుపోదాం.

డిస్కంలు తమ ఖర్చుల లెక్కలను నియంత్రణ మండలి ముందు పెట్టినప్పుడు అభ్యంతరాలు చెప్పే హక్కు చట్టం మనకు ఇచ్చింది. బహిరంగ విచారణలో ఏ రైతైనా లేచి మాట్లాడవచ్చు. "ట్రాన్స్‌ఫార్మర్లు కాలుతున్నాయి సారూ" అంటే "చూస్తాం" అంటారు. "ఫలానా ఏడాది తయారైన ఫలానా కంపెనీ ట్రాన్స్‌ఫార్మర్లు మా ఏడు మండలాల్లో ఇన్ని ఉంటే ఇన్ని కాలాయి, ఇవిగో నంబర్లు, ఇవిగో తేదీలు, మళ్లీ వాళ్లకే ఆర్డరు ఎందుకిచ్చారు?" అంటే జవాబు చెప్పి తీరాలి.

2000లో కరెంటు చార్జీల పెంపు మీద రాష్ట్రమంతా కదిలింది. ఆ ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకు ముగ్గురు ప్రాణాలిచ్చారు. ఆ పోరాటం తర్వాతే ఏ ప్రభుత్వమైనా చార్జీల మాటెత్తడానికి వెనకాముందు చూసుకుంటోంది. చార్జీ అనేది చివరన మన చేతికి వచ్చే చీటీ మాత్రమే. ఆ చీటీలో అంకె పుట్టేది టెండర్ గదిలో. అక్కడ ఏం కొంటున్నారో, ఎవరి దగ్గర, ఏ లెక్కన కొంటున్నారో అడిగే మనిషి లేనంతకాలం మన మడికి తడి తప్పుతూనే ఉంటుంది. వచ్చే నెల మండల సమావేశాలకు ప్రతి గ్రామ కమిటీ తన ట్రాన్స్‌ఫార్మర్ పుస్తకం పట్టుకుని రావాలి.